పెద్దపల్లి టేసన్ నుంచి పశుపతి దాకా

పద్మా, నేను చెప్తూ పోతాను, నువ్వు రాస్తూ పో. నాకు నా పేరు గీయడం వచ్చు, బస్సు నొసట కరీంనగర్ అని ఉంటే ఆ అక్షరాల ఆకారం గుర్తుపట్టడం వచ్చు, అంతే. నువ్వు బడిలో పాఠాలు చెప్పే పిల్లవు. నా మాటను పుస్తకాల్లో ఉన్నట్టు దిద్దుకుంటానంటే దిద్దుకో. మనుషులు అన్న మాటలు మాత్రం దిద్దకు. వాళ్లు ఎట్లా అన్నారో అట్లాగే ఉండాలి, లేకపోతే వాళ్లు కారు.

వచ్చే శివరాత్రికి మన వాడ ఆడవాళ్లను నువ్వు నేపాళం తీసుకుపోతానంటున్నావు. నా మోకాళ్లు మొండికేసినాయి గనుక నేను ఇల్లు పట్టాను. ఏ బండి ఎక్కాలో నీకు నేను చెప్పక్కర్లేదు. అది టేసన్‌లో రాసి ఉంటుంది, నీకు చదువొచ్చు. రాసి ఉండనివి చెప్తాను.

పని ఎట్లా అంటుకుంది

రజాకార్ల లొల్లి సద్దుమణిగిన మరుసటేడు మా ఆయన పోయాడు. మాది చొప్పదండిలో మగ్గాల వాడ. పిల్లలు లేరు. బొక్కలు కాశీలో కలపాలని ఆయన అడిగి పోయాడు. మా మరిది నేను పోతానన్నాడు. పంట కోతలన్నాడు, పెళ్లిళ్లన్నాడు, వానలన్నాడు. అస్థికల కుండ చూరుకు వేలాడుతూనే ఉంది. పొద్దున లేస్తే దాని ముఖమే చూడాలి.

మా పక్కింటి మహబూబ్‌బీ గాజులమ్ముకునేది. గోడ మీది నుంచి ఒకనాడు అన్నది, "బాలవ్వా, ఆ కుండ నీ మొగనిదా, నీ మరిదిదా?"

"నా మొగనిదే."

"మరి నువ్వే పో. నోరున్నది గదా. బాట నోట్ల ఉంటది."

"నాకు ఆ దిక్కు మాట రాదు గద బీబీ."

"మాట నేను చెప్త. జర గట్టిగ అడుగుడు నేర్చుకో. నువ్వు అడిగితె పిల్లి మ్యావన్నట్టుంటది."

ఆమె గోడకు అటు పక్క గాజులు ఏరుకుంటూ, నేను ఇటు పక్క కండెలు చుట్టుకుంటూ, గాడీ ఎప్పుడొస్తుంది, నీళ్లు ఎక్కడ, ఆడవాళ్లు పోయే చోటు ఏది, ఇంత ధర ఎందుకు, చెయ్యి తియ్ అనే మాటలు నేర్పింది. చివరి మాటను మాత్రం గట్టిగా అరిచి పది సార్లు చెప్పించింది. నేను వాడిన మాటల్లో దానంత పనికొచ్చింది మరొకటి లేదు. నువ్వు కూడా నేర్చుకో.

కుండ సంకనేసుకుని పోయాను, గంగలో కలిపి వచ్చాను. నేను తిరిగి వచ్చేనాటికి వాడ ఆడవాళ్లు నా వాకిట్లో కూర్చుని ఉన్నారు. ఒక్కర్తీ కాశీ ఎట్లా ఉందని అడగలేదు. "గంత దూరం ఆడిదానివి ఒక్కదానివే పోయినవు, యాడ పండుకున్నవు, ఏం తిన్నవు, ఎవడన్న ఏమన్న అన్నడా?" ఇవే ప్రశ్నలు. అప్పుడు తెలిసింది, వీళ్లకు దేవుడి మీద భయం లేదు, దారి మీద ఉంది. దారి నేను చూసి వచ్చాను. పని అట్లా అంటుకుంది.

పంతులు దగ్గర

మొదట నాలుగైదేండ్లు మంథని పంతులు ఒకాయన యాత్రల్లో వంట మనిషిగా పోయాను. ఆయన మగవాళ్లను, ఆడవాళ్లను కలిపి కాశీ, గయ, ప్రయాగ తిప్పేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నది నేర్చుకున్నాను, వదిలేసింది వదిలేశాను. రెండూ చెప్తాను.

ఆయన నడిచే మనిషిని ఎన్నడూ దారి అడగలేదు. "బాలవ్వా, నడిచెటోడు నీ లెక్కనే బాటసారి. తెల్వకున్నా చేయి చూపెడ్తడు, ఆయనకేం పోయింది? కూసున్నోన్ని అడుగు. దుకాణంల కూసున్నోడు రేపు కూడ ఆడ్నే కూసుంటడు, నువ్వొచ్చి తిడుతవని భయముంటది." ఇది బంగారం లాంటి మాట. కూర్చున్నవాడిని అడిగితే నేను ఏ ఊళ్లోనూ దారి తప్పలేదు.

ఇంకో మాట కూడా ఆయనదే. కొత్త ఊళ్లో దిగంగానే గుడికి ఉరకొద్దు. ముందు తిరుగు బండి ఎప్పుడు, ఎక్కడ అని తెలుసుకో, తర్వాత దండం పెట్టు. "దేవుడు ఆడ్నే ఉంటడు, బండి ఉండది" అనేవాడు.

కానీ ఆయన గొడుగు పట్టుకుని అందరికంటే ముందు నడిచేవాడు. మెడ తిప్పేవాడు కాదు. ముసలివాళ్లు రొప్పుకుంటూ వెనక పడిపోతే "వత్తరు తియ్" అనేవాడు. ప్రయాగలో ఇద్దరు ముసలమ్మలు అట్లా వెనకబడి, వేరే యాత్రవాళ్ల వెంట వేరే సత్రానికి పోయి, అక్కడ వాళ్ల అన్నం తిని, చాప కూడా పరుచుకున్నారు. నేను వెతుక్కుంటూ పోయి లేపితే, "మన సత్రం గిదే అనుకున్నం, పప్పు జర బాగుంటే పంతులుకు బుద్ధొచ్చిందనుకున్నం" అన్నారు.

ఆయన చూపు మందగించి మానుకున్నాక ఆడవాళ్లను నేనే తీసుకుపోవడం మొదలుపెట్టాను. అప్పుడు వరస తిప్పేశాను. అందరికంటే మెల్లగా నడిచే మనిషి ముందు. దాని అడుగే అందరి అడుగు. కాళ్లలో చురుకున్నవాళ్లు వెనక. వాళ్లు గొణుక్కుంటారు, గొణుక్కోనీ. నువ్వు అందరికంటే వెనక ఉండు. ముందు నడిస్తే గౌరవం కనబడుతుంది, వెనక నడిస్తే మనుషులు కనబడతారు.

మూట

మూటలో ఎక్కువ చెప్పేది లేదు. నువ్వు మోయలేనిది ఇంకెవరూ మోయరు. అంతే.

కానీ తిండి సంగతి చెప్పాలి. నాగపూర్ దాటితే అన్నం ముఖం కనబడదు. రొట్టె తిని, రొట్టె తిని మూడో పూటకు మన ఆడవాళ్లు మొగుళ్లను కూడా అంతగా తలుచుకోరు, చింతపండును తలుచుకుంటారు. అందుకని పచ్చడి కట్టుకుంటారు. నేను కూడా మొదట్లో మామిడి తొక్కు జాడీ కట్టుకుపోయాను. పెద్దపల్లిలో రైలెక్కి పై పలక మీద పెట్టాను. బల్లార్షా దాటాక జాడీ ఒరిగి, నూనె కారి, కింద పడుకున్న మార్వాడీ సేటు తెల్ల ధోవతి ఎర్రగా అయింది. ఆయన లేచి అరిచాడు. రైలు డబ్బా మొత్తం లేచింది. నేను నాకొచ్చిన హిందీ అంతా మరిచిపోయి, దండం పెట్టుకుంటూ నిలబడ్డాను. ఆయన అరుస్తూ, అరుస్తూ, వేలు నాకాడు. ఆగాడు. మళ్లీ నాకాడు. "యే క్యా హై?" అన్నాడు. ఇతార్సి వచ్చేదాకా తన పూరీలు మాకు పెట్టి, మా తొక్కు తాను తిన్నాడు.

సేట్లందరూ అట్లా ఉండరు. తడి తొక్కు కట్టకు. చింతపండు తొక్కును మెత్తగా నూరి ముద్ద చేసి మోదుగాకులో కట్టు. జొన్న రొట్టెలను కటకటలాడేట్టు ఎండబెట్టు. గొంగడి ఒకటి ప్రతి మనిషికీ ఉండాలి, ఎండకాలమైనా సరే. గొంగడే పరుపు, దుప్పటి, గొడుగు, చాటు కూడా. నలుగురు నాలుగు మూలలు పట్టుకుంటే ఆడది స్నానం చేసి చీర మార్చుకోవచ్చు.

డబ్బు రెండు ముడుల్లో ఉండాలి, ఒకే చోట వద్దు. మా కాలంలో నిజాం డబ్బు, హాలీ సిక్కా, సరిహద్దు దాటితే చెల్లేది కాదు, ముందే మార్చుకోవాలి. మీకు ఆ బాధ తప్పింది. నేపాళంలో మాత్రం ఇంకా వేరే నోట్లే. ఛాయ్ తాగాక ధర అడిగితే వాడు చెప్పిందే ధర. తాగకముందు అడుగు.

కాశీలో వదిలేసేది

కాశీకి పోయినవాళ్లు ఇష్టమైన కాయనో పండునో గంగలో వదిలేసి, ఇంక జన్మలో తినకూడదంటారు కదా. ఇది నీకు తలనొప్పి తెస్తుంది, విను. గట్టు మీద నిలబడంగానే భక్తి పొంగుతుంది. పొంగినప్పుడు ఏదో ఒకటి అనేస్తారు. ఎల్లవ్వ అని ఒకామె, చింతపండే వదిలేస్తానన్నది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. "నువ్వు సాలెదానివి, బాపనిదాని లెక్క నెయ్యి పోస్కొని తింటవా? రేపటి నుంచి పులుసు లేక ఏం తింటవే?" అంటే వినలేదు. వదిలేసింది. తిరుగు బండిలో అందరూ తొక్కు ముద్దలు విప్పితే ఆమె కిటికీ దిక్కు తిరిగి ఏడ్చింది. ఇప్పటికీ నన్నే తిడుతుంది, గట్టిగా ఎందుకు ఆపలేదని.

అందుకని బయలుదేరకముందే ఇంట్లో కూర్చుని, ఏం వదలాలో తేల్చుకొమ్మని చెప్పు. నేనైతే కాకరకాయ వదిలాను. నాకు ఎన్నడూ పడదు.

దేశం దాటాక

నేపాళం ఆలోచన నాది కాదు, ఆడవాళ్లది. కాశీ చూశాం, ఇంకా పైన ఏముందని అడిగారు. పశుపతి ఉన్నాడని సత్రంలో విని వచ్చాను.

రక్సౌల్ అనే ఊరి దగ్గర దేశం అయిపోతుంది. మన ఆడవాళ్లు అక్కడ పెద్ద గోడో, సముద్రమో ఉంటుందనుకున్నారు. ఒక గేటు ఉంది, అటు పక్క అదే మట్టి, అవే కాకులు. "గింతేనా?" అని నన్నే నిలదీశారు, నేనేదో మోసం చేసినట్టు. అక్కడి నుంచి చిన్న రైలు, తర్వాత కొండల మీదికి బస్సు. ఆ బస్సు మలుపులకు కడుపులో ఉన్నవి లేనివి బయటికి వస్తాయి. ఎక్కకముందు ఎవరికీ తిండి పెట్టకు. అందరికీ బుగ్గలో చింతపండు రవ్వంత పెట్టు. ఎల్లవ్వ లాంటిది ఉంటే నిమ్మకాయ ఇవ్వు.

పైకి పోయాక మాత్రం పళ్లెంలో అన్నం పెట్టారు. పప్పు, అన్నం! రొట్టెల దేశం దాటి, పరాయి దేశంలో, మన అన్నం. మా వాళ్లు దేవుడిని చూసినప్పుడు కూడా అంత దండం పెట్టలేదు.

రెండోసారి పోయినప్పుడు గౌరవ్వ మా వెంట వచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది ఆమె సంగతి. మిగతావి మరిచిపోయినా ఇది మరవకు.

గౌరవ్వ

గౌరవ్వ మా వాడలో నా ఇంటికి ఎదురిల్లు. ఆమె పెనిమిటి మల్లయ్య మంచి నేతగాడు. దగ్గు పట్టుకుంది. మగ్గం మీద కూర్చుంటే ఊపిరి అందదు, పడుకుంటే నిద్ర రాదు. కరీంనగర్ దవాఖానలో సూదులు వేస్తున్నారు. సూదులు వేస్తుండగానే గౌరవ్వ శివుడికి మొక్కుకుంది, ఆయన బతికితే చాలు, ఎంత దూరమున్నా వచ్చి నీళ్లు పోస్తానని. మొక్కు తీర్చడం తర్వాత కాదు, ముందే తీరుస్తానని పట్టుబట్టి బయలుదేరింది. బతికినంక పోతే బేరం చేసినట్టుంటదట.

బయలుదేరే పొద్దున మల్లయ్య మంచం మీది నుంచి నన్ను పిలిచాడు.

"బాలక్కా, ఇది ఒట్టి అమాయకది. బట్ట కనబడితె ఆగిపోతది. వాపస్ తీస్కరా. నేనున్నా లేకున్నా తీస్కరా."

"నువ్వుంటవు తియ్, ఫికర్ చెయ్యకు" అన్నాను.

శివరాత్రి నాడు పశుపతి దగ్గర ఇసుక వేస్తే రాలని జనం. అందరం ఒక పొడుగాటి కోరా బట్టను పట్టుకుని నడుస్తున్నాం, ఒక్కొక్కరి చేతికి ఒక అంచు. తెల్లారేసరికి స్నానాలు అయినాయి, నీళ్లు పోయడం అయింది. గౌరవ్వ మొక్కు తీరింది. మధ్యాహ్నం బస్సు. బస్సు దిక్కు మళ్లాం, జనం వరసకూ నాకూ మధ్య దూరారు, కొంత దూరం నడిచాక చూస్తే, గౌరవ్వ పట్టుకోవాల్సిన చోట బట్ట ఒట్టిగా ఊగుతుంది.

తర్వాత తెలిసింది. దారి పక్కన ఒక కొండజాతి ఆమె శాలువాలు అమ్ముతుంటే, గౌరవ్వ ఆగి, శాలువా తిరగేసి, వెనక పక్క నేత ఎట్లా ఉందో చూసింది. సాలె మనిషి బట్టను తిరగేయకుండా ఉండదు. తిరగేయడానికి రెండు చేతులు కావాలి. చేతిలోని అంచు వదిలేసింది.

మిగతావాళ్లను బస్సు దగ్గర కూర్చోబెట్టి, కదలొద్దని ఒట్టు వేయించుకుని, నేను వెనక్కి ఉరికాను. కూర్చున్నవాళ్లను అడుగుతూ పోయాను. చివరికి పూలమ్ముకునే ఒకామె, తప్పిపోయినవాళ్లను పోలీసుల గుడారంలో కూర్చోబెడతారని చెయ్యి చూపింది.

గుడారంలో బల్ల మీద గౌరవ్వ కూర్చుని ఉంది. గొంగడి కప్పుకుని, చేతిలో ఛాయ్ గ్లాసుతో, ముఖం గంటు పెట్టుకుని. నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. "జల్ది వచ్చినవు పో" అన్నది.

పోలీసు దొర పెద్దమనిషి. హిందీ మాట్లాడాడు. ఈమె పొద్దటి నుంచి పేరు చెప్పింది, ఊరు చెప్పింది, మొగుడి పేరు మాత్రం చెప్పదు, అది చెప్తే ఫలానావాడి భార్య అని మైకులో పిలిపించేవాడిని కదా అన్నాడు.

నేను గౌరవ్వ దిక్కు తిరిగాను. "చెప్పలేదా?"

"చెప్పిన! కొమురెల్లి దేవుని పేరని మంచిగ చెప్పిన. వీళ్లకు తెల్వకపోతె నేనేం జేతు? ఏం శివభక్తులే వీళ్లు, కొమురెల్లి దేవుడే తెల్వదంటరు!"

కొమురెల్లి దేవుడంటే మల్లన్న గనుక, మన దగ్గర ఆ మాట ఎవరితో అన్నా మల్లయ్య అని పసిపిల్ల కూడా చెప్తుంది. మొగుడి పేరు పెదవి దాటితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మనం ఇట్లా చుట్టు తిప్పి చెప్తాం. చుట్టు తిప్పి చెప్పింది అర్థం కావాలంటే అవతలి మనిషి మన ఊరివాడై ఉండాలి. ఇది నాకు అంతకుముందు తట్టలేదు. ఇన్నేండ్లు తిప్పిన నాకే తట్టలేదు.

"ఆమె మొగుడు మల్లయ్య సాబ్, ఇంక పోతాం" అన్నాను.

ఆయన కదలలేదు. "నువ్వు చెప్తే చాలదు. ఆమె ఔననాలి. తోడు వచ్చామని చెప్పి ఆడవాళ్లను తీసుకుపోయేవాళ్లు జాతరలో చాలామంది ఉంటారు" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. నేను ఆయన జాగాలో ఉన్నా అట్లాగే చేసేదాన్ని. గౌరవ్వ దిక్కు వంగి అడిగాడు, "నీ మొగుడి పేరు మల్లయ్యనా?"

గౌరవ్వ రెండు చెవులూ మూసుకుని ముఖం అటు తిప్పుకుంది.

"తల ఊపవే!" అన్నాను తెలుగులో.

"ఊపితె చెప్పినట్టే గదా."

"చెప్పినట్టెట్ల అయితది?"

"అయితది. ఆయన పేరుకు నేను ఔనంటె నా నోటితోటి అన్నట్టే. గంత దూరం నుంచి వచ్చి ఆయుష్షు అడుక్కున్న. నీళ్లు ఇంకా ఆరలే. ఇప్పుడే నా చేతులతోని తుంచుకోవాల్నా? నన్ను ఈడ్నే ఇడిసిపో బాలక్కా. ఈడ్నే ఉంట. బట్టలు నేసుకుంట బతుకుత."

ఆమె ఏడవలేదు. తేల్చుకున్న గొంతుతో అన్నది. అది చూసి నాకు భయమేసింది. బస్సు దగ్గర ఆడవాళ్లు, ఇంటి దగ్గర మల్లయ్య. తీస్కరా అన్నాడు. ఇక్కడ ఈమె తల ఊపితే ఆయన చచ్చిపోతాడని నమ్ముతుంది. ఊపించి తీసుకుపోవచ్చు, రెండు దెబ్బలు వేసి అయినా ఊపించవచ్చు. ఆ తర్వాత మల్లయ్యకు ఏదన్నా అయితే, దగ్గే పైబడి పోయినా సరే, నేనే చంపానని బతికినన్నాళ్లూ తన్ను తాను తినేస్తుంది. అట్లా తీసుకుపోవడం తీసుకుపోవడమేనా?

పోలీసు దొర నా ముఖం, ఆమె ముఖం మార్చి మార్చి చూస్తున్నాడు. అనుమానం పెరుగుతుందని తెలుస్తూనే ఉంది.

అప్పుడు నాకు ఒకటి తోచింది. తరగడానికి ఆయుష్షు లేని పేరు ఒకటి నా దగ్గర ఉంది.

"సాబ్, పరేషాన్‌లో తప్పు చెప్పిన. మల్లయ్య ఆమె బాపు పేరు. మొగుడి పేరు రాజలింగం" అన్నాను.

మా ఆయన పేరు అది. ఆయన బతికి ఉండగా నేనూ ఎన్నడూ అనలేదు. పోయాక అనడానికి అడ్డు లేదు గానీ, అనే పని పడలేదు. అంత పెద్ద జాతరలో, ఎవరికీ తెలియని చోట, మొదటిసారి నా నోటి నుంచి వచ్చింది.

గౌరవ్వ నా దిక్కు చూసింది. నేను కనబడీ కనబడకుండా తల ఊపాను.

"రాజలింగమేనా?" అని ఆయన అడిగాడు.

"హా సాబ్! రాజలింగమే! రాజలింగం!" గుడారం బయటికి వినబడేట్టు చెప్పింది. పొద్దటి నుంచి మూసుకున్న నోరు తెరుచుకుంది.

అయిపోయింది అనుకుంటే ఆయన నన్నడిగాడు, తీసుకుపోయే మనిషివి నువ్వు ఎవరు, నీ మొగుడి పేరేంటని. నా నోట వేరే పేరు ఎట్లా వస్తుంది?

"రాజలింగం."

ఆయన కలం ఆపాడు. "ఆమె మొగుడు రాజలింగం. నీ మొగుడు కూడా రాజలింగం."

"ఔను సాబ్. ఇద్దరికీ ఒక్కడే. మేం సవతులం."

ఆయన కుర్చీలో వెనక్కి ఒరిగాడు. మీసాల కింద నవ్వు దాచుకోలేకపోయాడు. పక్కనున్న జవానును పిలిచి చెప్పాడు, "ఇన్నేండ్లుగా ఈ గుడారంలో కూర్చున్నాను. సవతి తప్పిపోవాలని దేవుడికి మొక్కుకునేవాళ్లను చూశాను. సవతిని వెతుక్కుంటూ వచ్చినదాన్ని ఈ రోజే చూశాను. వీళ్లు అబద్ధం చెప్పరు, పంపించు."

ఇద్దరికీ ఇంకో ఛాయ్ ఇప్పించాడు. ధర అడగాల్సిన పని లేకుండా తాగిన ఛాయ్ అదొక్కటే.

బస్సు దాకా ఉరికాం. ఎక్కి కూర్చుని, ఊపిరి తీసుకున్నాక, గౌరవ్వ నా చెవిలో అన్నది, "బాలక్కా, రాజలింగం బావకు ఏం కాదు గదా?"

"ఆయనకింక ఏం గావాలె పిల్లా, అయ్యేదేదో ఎప్పుడో అయిపాయె."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత మొదటి మలుపు వచ్చింది, నవ్వు పోయింది, చింతపండు వెతుక్కున్నాం.

దీంట్లో నువ్వు పట్టుకోవాల్సింది ఇది. అప్పటి నుంచి నేను ప్రతి మనిషికీ బయలుదేరకముందే చెప్పించేదాన్ని, పరాయి చోట ఎవరన్నా నువ్వు ఎవరి మనిషివని అడిగితే మొగుడి పేరుకు బదులు అన్న పేరో తమ్ముడి పేరో చెప్పాలని, ఆ పేరే నాకూ తెలిసి ఉండాలని. తోడబుట్టినవాడి పేరుకు ఏ అడ్డూ లేదు. నువ్వు చదువుకున్నదానివి, ఇవన్నీ ఒట్టి నమ్మకాలని నవ్వకు. ఆడవాళ్లు ఇంటి దగ్గర నగలు తీసి పెట్టి రాగలరు, నమ్మకాలు తీసి పెట్టి రాలేరు. వాటిని కూడా మూటలో లెక్క వేసుకుని నడిపించాలి. ఇంకోటి, మన మగ్గాల మీద అందరికీ ఒకే అంచు చీరలు నేయించి కట్టించడం ఆ ఏటి నుంచే మొదలైంది. జనంలో అంచు చూసి మనిషిని పట్టుకోవచ్చు.

పెత్రమాస

మేం తిరిగి వచ్చేసరికి మల్లయ్య మంచం దిగి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. సూదులు పని చేసినాయో, పశుపతి చేశాడో నాకు తెలియదు. గౌరవ్వకు తెలుసు, ఆమెను అడుగు.

ఈ సంగతి మీద మేం నోరు మూసుకున్నా, బస్సులో మేం చెప్పగా విన్న ఆడవాళ్లు మూసుకోరు కదా. పొద్దుగూకే లోపల వాడంతా పాకింది. మల్లయ్య నా ఎదురుగానే గౌరవ్వను ఆడుకున్నాడు.

"ఏమే, నేను మంచంల ఉన్న, నువ్వు ఆ దేశం పోయి ఇంకొకన్ని చేస్కున్నవట?"

"చేస్కున్న. నీకన్న మంచోడు. దగ్గడు" అన్నది గౌరవ్వ.

"దగ్గడు, తిట్టడు, తిననీకె అడుగడు. మంచిగనే దొరికిండు నీకు."

అందరం పడి నవ్వాం. మల్లయ్య కూడా నవ్వాడు. నవ్వి, కొంచెంసేపు మగ్గం దిక్కు చూస్తూ కూర్చున్నాడు.

ఆ యేడు పెత్రమాస వచ్చింది. బతుకమ్మ ముందు, పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్య. పిల్లలు లేనివాళ్లకు ఆ రోజు పని ఉండదు. మా మరిది మొదటి రెండేండ్లు వాళ్ల అన్న పేరు మీద ఇచ్చాడు, తర్వాత మరిచిపోయాడు. ఆడది ఇయ్యకూడదంటారు. నేను ఆ పొద్దు వాకిలి ఊడ్చుకుని తలుపు వేసుకునేదాన్ని, ఇతరుల ఇండ్లకు పంతులు వచ్చి పోయే చప్పుడు వినకుండా.

తలుపు కొట్టాడు మల్లయ్య. స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకుని ఉన్నాడు.

"బాలక్కా, మా అన్న తండ్రి పేరేంది?"

నాకు అర్థం కాలేదు. "ఏ అన్న?"

"మనోడే. గౌరవ్వకు నువ్విచ్చినోడు. పంతులు వచ్చి కూసున్నడు, తాత ముత్తాతల పేర్లు అడుగుతడు. నాకు ఆయన తండ్రి పేరు యాదికి లే."

చెప్పాను. ఆయన వెంట వాళ్ల గడప దాకా పోయి బయటనే నిలబడ్డాను. లోపల తన తండ్రి పేరు మీద బియ్యం పెట్టాడు, తాత పేరు మీద పెట్టాడు. మూడో కుప్ప పోసి, నేను చెప్పిన తండ్రి పేరు, ఆ తర్వాత రాజలింగం అన్నాడు.

పంతులు తల ఎత్తి చూశాడు. "ఈయన మీ ఇంటోడు కాదు గద. నీకేమైతడు?"

"అన్నయితడు" అన్నాడు మల్లయ్య. "నా మీద పడేది ఆయన మోసిండు. పెట్టు పంతులూ, పేరు గట్టిగ చదువు."

పంతులు గట్టిగా చదివాడు. మా వాడలో ఆ పేరు మగ గొంతు నుంచి విని చాలా ఏండ్లయింది. నేను గడప పట్టుకుని నిలబడ్డాను. లోపల పొయ్యి దగ్గర వడలు వేస్తున్న గౌరవ్వ, ఆ పేరు చెవిన పడంగానే, చేతిలోని గరిటె దించి, గబుక్కున కొంగు నెత్తి మీదికి లాక్కుంది, మొగుడు వచ్చినట్టు.